ఆ బిళ్ల రాసేముందు

డాక్టర్లూ! ఇకనుంచి మిమ్మల్ని ఇలాగే పిలుస్తారు, అలవాటు చేసుకోండి.

రేపు రాజోలులోనో కొత్తపేటలోనో ఓ పెద్దావిడ వచ్చి, "బాబూ, వేళ్లు ముడవలేకపోతున్నాను, కొబ్బరి కోరుకోవడం కూడా కష్టంగా ఉంది" అంటుంది. కీళ్లవాతం. మెథోట్రెక్సేట్‌తో తగ్గకపోతే టోఫాసిటినిబ్ గుర్తొస్తుంది మీకు. ఆ బిళ్ల కణంలో ఏం ఆపుతుందో ఈ పూట చెప్పుకుందాం. పరీక్ష పెట్టను, భయపడకండి.

1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ లండన్‌లో ఇంటర్‌ఫెరాన్‌ను కనిపెట్టారు. అది జన్యువును ఎలా మేల్కొలుపుతుందో 1990ల మొదట్లో గానీ తేలలేదు. ఆ పనికి అది లోపలికి వెళ్లక్కర్లేదు, అరుగు మీదే కబురు చెప్పి పోయే చుట్టం లాంటిది. పొర మీది గ్రాహకం కబురందుకుంటుంది. దాని లోపలి కొసనున్న జాక్ ఎంజైములు స్టాట్ ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలిస్తాయి. స్టాట్‌లు జతకట్టి కేంద్రకంలోకి వెళ్లి డీఎన్‌ఏను పట్టుకుంటాయి. అంతే, జన్యువులు పనిలోకి దిగుతాయి. నాకు ముచ్చటేసేది ఒకటుంది: అలా మేల్కొన్నవాటిలో సాక్స్-1 కూడా ఉంటుంది. దాని ప్రోటీన్ తిరిగొచ్చి జాక్‌నే ఆపుతుంది!

ఆగకపోతే? కొత్తగూడెంలో పుట్టి, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి, మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో పరిశోధన చేస్తున్న కన్నెగంటి తిరుమలాదేవి బృందం కోవిడ్ రోజుల్లో దీన్నే పట్టుకుంది. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా విడివిడిగా చేయలేని పని రెండూ కలిస్తే జరిగిపోయింది, మాక్రోఫేజులు చచ్చాయి. స్టాట్-1, దాని వెనకే ఐఆర్‌ఎఫ్-1 లేచి, నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైము జన్యువును నడిపించాయి. ఆ రెండు సైటోకైన్లకూ అడ్డుపడే యాంటీబాడీలిస్తే కోవిడ్ సోకిన ఎలుకల్లో చావులు తగ్గాయి. 2021లో 'సెల్' పత్రికలో వచ్చిన ఆ వ్యాసం వెతికి చదవండి, సెల్‌ఫోన్లో కాసేపు రీల్స్ మానేసైనా సరే.

అయితే కబురు ఆపేస్తే చాలనుకోకండి. క్షయ క్రిమిని అదుపులో ఉంచేదీ ఇంటర్‌ఫెరాన్ గామాయే. టోఫాసిటినిబ్ ఆపేది జాక్‌నే; దాన్ని నొక్కేస్తే కీళ్ల నొప్పులు తగ్గుతాయి, ఊపిరితిత్తుల్లో ఏళ్లతరబడి నిద్రపోతున్న క్షయ లేవొచ్చు. సర్పి కూడా లేవొచ్చు. అందుకే ఆవిణ్ని అడగండి: దగ్గుందా, ఇంట్లో ఎవరైనా టీబీ మందులు వాడారా అని. ఛాతీ ఎక్స్‌రే తీయించండి, ఇగ్రా రక్తపరీక్ష చేయించండి. ఆ రక్తంలో ల్యాబువాళ్లు కొలిచేది కూడా ఇంటర్‌ఫెరాన్ గామానే. పాజిటివ్ వస్తే ముందు టీబీ సంగతి చూడండి, కీళ్ల బిళ్ల తర్వాత.