ఏడు చుక్కల ముగ్గు, ఏడెనిమిదుల లెక్క



మీలో అనేకులు ఈ అమెరికాలోనే పుట్టి పెరిగి, నేడు నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు తల్లిదండ్రులైనారు. లెక్కలు రావడమంటే వేగంగా చెప్పడమే అన్న భావన మన ఇళ్లలో బలంగా ఉన్నది. కొందరు పిల్లల్లో ఆ రెండూ కలిసి రావు. ఏడెనిమిదులు ఎంతని అడిగితే తడబడే బాలికే, సున్నాతో ఎందుకు భాగించరాదో చెప్పమని పట్టుబడుతుంది. ఏ.డి.హెచ్.డి., ఆటిజం, డిస్కాల్‌క్యులియా ఉన్న బిడ్డలో అసాధారణ ప్రతిభ కూడా ఉండవచ్చు. ఎక్కాలు వచ్చేదాకా పై లెక్క చూపకపోతే, ఆ బిడ్డ తాను మందమతినని నమ్మడం మొదలుపెడుతుంది.

ఎక్కాల పట్టికను ఎదుటనే ఉంచండి. గడియారాన్ని తీసివేయండి. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది, దాన్ని రెట్టిస్తే యాభై ఆరు అని దారి చూపండి. ఆపై ఏడు చుక్కల ముగ్గు, ఎదురుచుక్క, ఒకటి వరకు పెట్టించండి. (మగపిల్లలు ముగ్గు వేయరాదని నాతో వాదించకండి.) నడిమి వరుస నుండి పైకి 7, 5, 3, 1. మొత్తం 16, అనగా నాలుగు నాలుగులు. తొమ్మిది చుక్కలతో మొదలుపెడితే 25, ఐదు ఐదులు. ఎందుకిలా అవుతున్నదో బిడ్డనే వెతకనివ్వండి. జవాబు నోటితో చెప్పినా, బొమ్మగా గీసినా స్వీకరించండి.

బడి సంగతి ఒక్కటి. తరగతి తప్పనంత మాత్రాన బిడ్డ ప్రత్యేక విద్యకు అనర్హురాలు కాదని ఇక్కడి సమాఖ్య నిబంధన. మార్కులు బాగున్నా, అనుమానముంటే మూల్యాంకనం కోరుతూ బడికి ఉత్తరం వ్రాయండి. తేదీ వేసి, నకలు దాచుకోండి.