మూడవ పట్టిక

 

పుస్తకము పేరొక గడిలో, కవి పేరొక గడిలో వ్రాసిన జాబితా సిద్ధమగునని పలువురి తలంపు. ఆంధ్ర మహాభారతము వచ్చినంతనే ఆ తలంపు తలక్రిందులగును. దాని కర్తలు ముగ్గురు. నన్నయ పేరు మాత్రమే వ్రాసినచో తిక్కనకును ఎఱ్ఱనకును అన్యాయము జరుగును. మూడు పేర్లను ఒకే గడిలో ఇరికించినచో, ఎఱ్ఱన రచనల కొఱకు వెదకువానికి భారతము కానరాదు. మూడు గడులు గీసినచో, నలుగురు కవుల కృతియైన భాస్కర రామాయణమునకు అవియు చాలవు.

ఇక కవుల వైపు నుండి చూడుడు. తిక్కన నిర్వచనోత్తర రామాయణమును గూడ రచించెను. ఎఱ్ఱన హరివంశమును, నృసింహపురాణమును రచించెను. ఒక కావ్యమునకు పలువురు కవులు, ఒక కవికి పలు కావ్యములు. దీనినే అనేకానేక సంబంధమందురు.

1970లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఎడ్గార్ కాడ్ అను గణితజ్ఞుడు, సమాచారమునంతను పట్టికలుగా అమర్చు విధానమును ప్రకటించెను. నేటి రిలేషనల్ డేటాబేసులకు అదియే పునాది. అనేకానేక సంబంధమునకు అందు చేయు ఏర్పాటు మిక్కిలి సులువైనది. కవులకొక పట్టిక, కావ్యములకొక పట్టిక. ప్రతి కవికిని ప్రతి కావ్యమునకును ఒక్కొక్క సంఖ్య. ఆ రెంటిని కలుపుటకు మూడవ పట్టిక. అందలి ప్రతి వరుసలో ఒక కవి సంఖ్య, ఒక కావ్య సంఖ్య ఉండును. పై ముగ్గురు కవులకు, వారి నాలుగు కావ్యములకు ఆరు వరుసలు చాలును. ఒకే జంట రెండు మారులు రాకూడదు. ఈ పట్టికలో వరుస ఉన్నంతవరకు ఆ కవి పేరును మొదటి పట్టికలో కొట్టివేయరాదు.

తిక్కన భారతమున విరాటపర్వము మొదలు పదునైదు పర్వములు రచించెను. ఈ వివరమును ఎచట వ్రాయవలెను? ఇది తిక్కనకు మాత్రమే చెందదు, భారతమునకు మాత్రమే చెందదు. ఆ రెంటి కలయికకు చెందును. కావున దాని చోటు మూడవ పట్టికయే.

భూమి లెక్కలకును ఇదియే న్యాయము. ఒక రైతునకు పలు సర్వే నంబర్లు, ఒక సర్వే నంబరునకు పలువురు హక్కుదారులు. ఎవరి వాటా ఎంతయో వారిని భూమితో కలుపు వరుసలోనే వ్రాయవలెను. ఒకే పేరునకు చోటున్న పట్టికలో అన్న పేరు నిలుచును, చెల్లెలి వాటా మాయమగును. గడి లేకపోవుట చిన్న లోపముగా దోచును. కాని దాని వలన మనిషి హక్కే కనుమరుగగును.

గ్రంథాలయమున పుస్తకము లిచ్చు రిజిస్టరు ఇట్టి మూడవ పట్టికయే. అది పాఠకుని పుస్తకముతో కలుపును. చదివినవాడే అదే పుస్తకమును మరల కోరవచ్చును గనుక అందు తేదీయు చేరును. సభ్యుల జాబితా జనమును, పుస్తకముల జాబితా బీరువాలను లెక్కించును. గ్రంథాలయము జీవించియున్నదా లేదా యని తెలుపునది మాత్రము ఆ మూడవ పుస్తకమే. దాని పుటలు నిండుచుండుగాక!