సొంత మాటకు ఆధారం ఏది?

చదివింది చదివినట్టు అప్పజెప్పడం ఇంటర్ దాకా సరిపోతుందేమో. యూనివర్సిటీలో అడిగే ప్రశ్న వేరు: నువ్వేమంటావు, దానికి ఆధారమేమిటి?

ఆధారాలతో వాదించడం ఎలాగో గిడుగు రామమూర్తి పంతులు చూపించారు. వాడుక భాష రాతకు తగదని పండితులు వాదిస్తే ఆయన ఊరికే కాదనలేదు. ప్రాచీన గ్రంథాలు గాలించి, తప్పులన్న ప్రయోగాలు పెద్ద కవుల రచనల్లోనే ఉన్నాయని ఉదాహరణలతో నిరూపించారు.

నేటి విద్యార్థికీ అదే దారి. అనంతపురం జిల్లాలో భూగర్భ జలాల గురించి రాసేటప్పుడు, బోర్ల వల్లే తగ్గాయని ఒక్కమాటలో తేల్చేయకూడదు. నీళ్లు తగ్గిన ఏళ్లలో వాన ఎంత పడింది? పంటలు మారాయా? మనం వాడే లెక్కలు ఎవరివి? ఎదుటి వాదనను కూడా రాసి, దానికి జవాబివ్వాలి.

ఇతరుల మాట వాడితే వారి పేరు చెప్పాలి. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం పరిశోధన గ్రంథంలో నకలు 10 శాతం దాటి 40 శాతం లోపు ఉంటే సరిదిద్ది మళ్లీ సమర్పించాలి. 60 శాతం మించితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది.

శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా దొరుకుతాయి. విద్యార్థులారా, మీ సబ్జెక్టులో ఒకటి తెరవండి. ప్రతి వాదన పక్కన మీ ప్రశ్న రాసుకుంటూ చదవండి.