పృచ్ఛకుడి కుర్చీలో అధ్యాపకుడు

 

ఇలాంటి సదస్సులో అధ్యక్షుడు నాలుగు మంచి మాటలు చెప్పి పత్రాలకు దారి ఇవ్వడం ఆనవాయితీ. నాకు చెప్పాలని ఉన్నది ఒక్కటే. కంప్యూటర్ చదువులో నీతి గురించిన పాఠాన్ని చర్చగా నడిపేవాడు ఆ చర్చను ఎలా కూర్చాలన్నది.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈ సబ్జెక్టుకు చోటు లేదని ఎవరూ అనలేరు. 2014లో భారతదేశం, ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం పొందింది. ఎన్‌బీఏ గుర్తింపు కోసం మనం ఏళ్ల తరబడి నింపిన ఫారాల్లో పన్నెండు ఫలితాలుంటే ఎనిమిదోది ఎథిక్స్. చోటైతే ఉంది, దాని బతుకూ మనకు తెలుసు. చివరి పీరియడు, ఆ పూట ఖాళీగా దొరికిన మాస్టారు, గైడులో నాలుగు పేజీలు. నిజాయితీకి నిర్వచనం చీటీ చూసి రాసినవాడు కూడా పాసైపోతాడు.

దీనికి విరుగుడు చర్చ అంటున్నారు. సరే, పెట్టాం. ముందు వరసలో ఇద్దరు మాట్లాడారు, మిగతా అరవై మంది ఫోన్లు చూసుకున్నారు, గంట కొట్టేలోపు "టెక్నాలజీని మంచికే వాడాలి" అని తేల్చేశారు. దాన్ని చర్చ అనడానికి నాకు మనసొప్పదు. చర్చ గదిలో దానంతటది పుట్టదు. గదిలో అడుగు పెట్టకముందే దాన్ని కూర్చుకోవాలి.

కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు, యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు అవధానాలు చేస్తూ తిరిగిన గోదావరి సీమ ఇది. అవధానం గురించి చెప్పుకున్నప్పుడల్లా మనం అవధాని ధారణనే పొగుడుతాం, పృచ్ఛకుణ్ణి మర్చిపోతాం. సమస్య చప్పగా ఉంటే పూరణకు పదును ఎక్కణ్ణించి వస్తుంది? నిషిద్ధాక్షరి ఇచ్చేవాడు తేలికైన అక్షరాలన్నీ మూసేస్తేనే కదా పద్యం కొత్త దారి పట్టేది! చర్చా తరగతిలో అవధానం చేయాల్సింది విద్యార్థులు. అధ్యాపకుడు కూర్చోవాల్సింది పృచ్ఛకుల వరసలో. మనలో చాలామందికి ఆ కుర్చీ ఇరుకుగా ఉంటుంది, అది వేరే సంగతి.

ముందు సమస్య సంగతి. ప్రపంచమంతా వాడేది ట్రాలీ సమస్య, ఫిలిప్పా ఫుట్ 1967లో రాసింది. అదుపు తప్పిన బండి, పట్టాల మీద ఐదుగురు, పక్క పట్టా మీద ఒక్కడు, బండిని అటు మళ్లించాలా అన్నది ప్రశ్న. తత్వశాస్త్రంలో దాని విలువ దానికుంది. అమలాపురం నుంచి వచ్చిన పిల్లాడు మాత్రం బండిని మళ్లించే చోట ఎన్నడూ నిలబడలేదు. వాడు నిలబడింది రేషను షాపు దగ్గర, మామ్మ వెనకాల. ఉమ్మడి రాష్ట్రంలో ఆధార్ వేలిముద్రతో సరుకులిచ్చే ప్రయోగానికి 2012లో మొదట ఎంచుకున్న జిల్లాల్లో తూర్పుగోదావరి ఒకటి. "వేలిముద్ర పడలేదు" అన్న మాట మన పల్లెల్లో అప్పట్నించీ నలుగుతున్నదే. నాట్లు వేసి, కొబ్బరి పీచు తీసి, రొయ్యల షెడ్డులో వలిచి అరిగిపోయిన వేళ్లు యంత్రానికి ఆనవు.

ఇందులో రెండో వైపు కూడా గట్టిగా ఉంది కాబట్టే ఇది మంచి సమస్య. యంత్రం రాకముందు బోగస్ కార్డులు ఉండేవి, లేని మనిషి పేరున బియ్యం పోయేవి. ముద్ర పడనివారికి వీఆర్వో ముద్రతో ఇచ్చే వెసులుబాటూ మన రాష్ట్రంలో వచ్చింది. అయితే ఆ వీఆర్వోను వెతుక్కుంటూ వెళ్లాల్సింది ఎవరు? కూలి మానుకుని మళ్లీ రావాల్సింది ఎవరు?

మంచి అధ్యాపకురాలు ఈ సంగతిని ఒక్క పేజీలో ముందు రోజే చేతికిస్తుంది. పాత్రలు తనే పంచుతుంది, ఎంచుకోనివ్వదు. రేషను డీలరు గారబ్బాయి క్లాసులో ఉంటే మామ్మ తరఫున మాట్లాడాల్సింది అతనే. నోరు విప్పకముందు ప్రతివాళ్లూ ఐదు వాక్యాలు కాగితం మీద రాయాలి. తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా ఒకటే. పల్లె నుంచి వచ్చిన ఆడపిల్లలు చాలామంది ఆ కాగితంతోనే చర్చలోకి వస్తారు, "నువ్వు మూడో వాక్యంలో రాసింది చదువమ్మా" అంటే చాలు.

ఇక నిషిద్ధాక్షరి. బోర్డు మీద మొదటే రాసేస్తుంది: "ప్రభుత్వం తగు చర్యలు తీసుకోవాలి", "ప్రజల్లో అవగాహన కల్పించాలి", "తప్పు టెక్నాలజీది కాదు, వాడేవాళ్లది". ఈ మూడూ ఈ పూటకు నిషేధం. ఇవి లేకుండా మాట్లాడమంటే మొదటి పది నిమిషాలు గది మూగబోతుంది. ఆ మౌనాన్ని భరించగలగాలి. ఆగలేక మనమే జవాబు చెప్పేశామా, ఆ రోజుకు తరగతి అయిపోయినట్టే. ఆగితే అసలు ప్రశ్నలు బయటికొస్తాయి. ముద్ర ఎన్నిసార్లు తప్పితే యంత్రం కాదంటుంది? ఆ అంకె ఎవరు పెట్టారు? కాదన్న లెక్క ఎవరికి చేరుతుంది, అసలు దాస్తున్నారా? ఇవన్నీ ప్రోగ్రాం రాసేవాడు తేల్చాల్సిన ప్రశ్నలు. ఇంకో రెండేళ్లలో ఈ పిల్లలే రాస్తారు.

తర్వాతి వారం సుప్రీంకోర్టు ఆధార్ తీర్పు. 2018 సెప్టెంబరు 26న ఐదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు ఆధార్ వైపు, జస్టిస్ చంద్రచూడ్ మరో వైపు. ఎదుటి వాదం చదివేలా మామ్మ తరఫున వాదించినవాళ్లకు మెజారిటీ తీర్పు, డీలరు తరఫున వాదించినవాళ్లకు అసమ్మతి తీర్పు ఇవ్వాలి. మొత్తం అక్కర్లేదు, పది పేజీలు చాలు.

రెండో సమస్య ఇంకా దగ్గరిది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో వచ్చిన గందరగోళం మీకు గుర్తుండే ఉంటుంది. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. తెలుగులో సున్నా వచ్చిన ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే 99 వచ్చాయి. దిద్దినవారు 99 దిద్దాల్సిన వృత్తాల్లో 00 దిద్దారు. ఈ మాట చెప్పగానే క్లాసు ఊపిరి పీల్చుకుంటుంది: "మనిషి తప్పే సార్, సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది!" పృచ్ఛకుడు అందుకోవాల్సిన క్షణం అదే. తక్కిన పేపర్లన్నీ బాగా రాసిన పిల్లకు ఒక్క భాషలో సున్నా కనబడితే "ఆగు, మళ్లీ చూడు" అనే ఒక్క వరుస కోడ్‌లో ఎందుకు ఉండకూడదు? దాన్ని అడగాల్సింది బోర్డా, రాయాల్సింది కంపెనీయా? అడగకపోయినా రాయాల్సిన బాధ్యత ఉందా? ఇక్కడ జాగ్రత్త కావాలి. ఆ గదిలో ఇంటర్ తప్పి కుంగిపోయినవాళ్లు ఉండవచ్చు. చనిపోయిన పిల్లల కథలు నాటకీయంగా చెప్పేవాణ్ణి నేను అధ్యాపకుడనను.

రుణ యాప్‌ల సంగతి క్లుప్తంగా. 2020 చివర్లో తెలుగు రాష్ట్రాల్లో అప్పు తీసుకున్నవారిపై ఆ యాప్‌ల వేధింపులు బయటపడ్డాయి. ఫోన్‌లోని కాంటాక్టుల జాబితా జోలికి పోవద్దని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో చెప్పింది. అంతకుముందు ఆ జాబితా చూడటానికి అనుమతి అడిగే కోడ్ వరుస ఎవరో కుర్రవాడు రాసే ఉంటాడు. ఆ కుర్చీలో నువ్వుంటే ఏం చేస్తావంటే "ఉద్యోగం మానేస్తాను సార్" అంటారు. ఇదీ నిషేధంలో పెట్టాలి. చదువు అప్పు నెత్తిన ఉంది, నాన్న కౌలు రైతు, మానేయలేవు. అప్పుడేం చేస్తావు? ఎవరికి మెయిలు రాస్తావు, అందులో మొదటి వాక్యం ఏమిటి? అది అక్కడే, తరగతిలోనే రాయించాలి.

అవధానంలో అప్రస్తుత ప్రసంగి ఒకాయన ఉంటాడు. ప్రతి క్లాసులోనూ ఉంటాడు. "ఇదంతా ప్లేస్‌మెంట్లలో అడుగుతారా సార్?" అంటాడు. నోరు నొక్కకండి, అతని ప్రశ్నకు ఐదు నిమిషాలు కేటాయించండి. గదిలో సగం మంది మనసులో ఉన్నది అదే.

అధ్యాపకుడు తన అభిప్రాయం చెప్పవచ్చా? తటస్థంగా ఉండాలంటారు కొందరు. కందుకూరి వీరేశలింగం గారు రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలలో తెలుగు పండితులుగా ఉంటూనే 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆయన ఏమనుకుంటున్నారో శిష్యులకు తెలియదా? చెప్పడంలో తప్పు లేదు, ఎప్పుడు చెప్పామన్నదే లెక్క. కాగితాలు మన చేతికొచ్చి, వాదాలు ముగిశాక చెప్పాలి. ముందే చెబితే ఇంటర్నల్ మార్కుల కోసం అరవై మందీ మన మాటే మనకు అప్పజెబుతారు.

మార్కుల మాట వచ్చింది కాబట్టి ఒక ప్రతిపాదన పెట్టి ముగిస్తాను. ఇంటి దగ్గర రాసుకొచ్చే వ్యాసాలను చాట్‌జీపీటీ రాసిపెడుతోంది. వాటికి మార్కులు వేయడం మానేద్దాం. తరగతిలో రాసిన ఐదు వాక్యాలకు, చర్చ అయ్యాక వాటిలో ఏది మార్చుకున్నారు, ఎవరి మాట విని మార్చుకున్నారు అన్నదానికి వేద్దాం. సెక్షనుకు అరవై డెబ్బై మందిని పెట్టుకుని ఇది ఎలా కుదురుతుందని మీరు అడుగుతారు. సగం మందిని ల్యాబ్‌కు పంపి సగం మందితో కూర్చోవడం ఒక దారి. ఇంతకంటే మంచి దారి మీలో ఎవరి దగ్గరైనా ఉంటే మధ్యాహ్నం సమావేశంలో ముందు దాని మీదే మాట్లాడుకుందాం. ఇప్పుడు మొదటి పత్రసమర్పకులను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.