విద్యుద్గిటారు – మన పిల్లలు
(తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగము)



ఈ సంవత్సరము మన పై తరగతుల పిల్లలు కొందరు విద్యుద్గిటారు కొనిపెట్టుమని ఇండ్లలో పట్టుపట్టుచున్నారు. ఆ సంగతి మీరు నాతో రెండు విధములుగా చెప్పితిరి. "మాస్టారూ, చెవులు చిల్లులు పడు మ్రోత, చదువు చెడును" అని కొందరనిరి. "ఇంట తెలుగు ఇదివరకే తగ్గిపోయినది, ఈ పరదేశపు వాద్యముతో మిగిలినదియు పోవును" అని మరికొందరనిరి. మొదటి మాటకు జవాబు తేలిక. రెండవది బరువైనది. నేను విద్వాంసుడను కాను, ఆ వాద్యమున నడిమితరపు అభ్యాసకుడను. తెలిసినంత మట్టుకు మనవి చేసెదను.

మొదట వస్తువేమో చూతము. మామూలు గిటారునకు బోలైన కొయ్యపెట్టె ఉండును. తీగె నాదమును ఆ పెట్టె పెంచును. విద్యుద్గిటారు చాలవరకు గట్టి పలక. కరెంటు లేక మీటినచో ప్రక్క గదికి వినబడుటయే కష్టము. దాని ప్రాణమంతయు తీగెల క్రిందనున్న పికప్పులో ఉన్నది. అయస్కాంతముల చుట్టును మిక్కిలి సన్నని రాగితీగెను వేల చుట్లు చుట్టినచో పికప్పు అగును. ఉక్కుతీగె దానిపై కంపించినప్పుడు రాగితీగెలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆంప్లిఫయరు దానిని పెంచి స్పీకరున పలికించును. ఈ ధర్మమును ఫారడే 1831లోనే కనుగొనెను. మన పారిశ్రామికవాడలో మోటార్లకు వైండింగు చేయు తండ్రులకు నేను చెప్పవలసిన పాఠము కాదిది. వారే నాకు చెప్పగలరు. ఆ చుట్ట చుట్టుప్రక్కల కరెంటు తీగెల హోరును గూడ పట్టుకొనును. 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి ఆ హోరును అణచు ఉపాయము పన్నెను. దానినే హంబకరు అందురు. పిల్లవాడు దుకాణమున ఆ మాట పలికినచో బెదరకుడు.

ఇంతకును గిటారునకు విద్యుత్తు ఏల కావలసివచ్చెను? మిసిసిపి ప్రాంతపు ప్రత్తిపొలములలో పెరిగిన మెకిన్లీ మోర్గన్‌ఫీల్డు, మడ్డీ వాటర్సు అని లోకమెరిగిన గాయకుడు, 1943లో షికాగో నగరమునకు వలసవచ్చెను. పగలు కూలిపని, రాత్రి పానశాలలలో పాట. పల్లెలో చక్కగా వినబడిన గిటారు ఆ జనసందడిలో మునిగిపోయెను. అందుచేత అతడు విద్యుద్గిటారును చేపట్టెను. ఊరిపాట పట్టణపు రొదలో బ్రతికి బట్టకట్టుటకు అది సాధనమయ్యెను. నెల్లూరు నుండి, చిత్తూరు నుండి, శ్రీకాకుళము నుండి పని వెదకికొనుచు ఈ అంబత్తూరు చేరిన కుటుంబములకు ఈ కథ దూరపుకథగా తోచదని నా నమ్మకము.

అతడు పాడినది బ్లూసు. ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడినవారి సంతతి అమెరికాలో కూర్చుకొన్న పాట అది. దాని కట్టడి చిన్నది. నాలుగేసి దెబ్బల ఆవృత్తములు పండ్రెండు. మన మాటలో చెప్పవలెనన్న, నాలుగు ఆవృత్తములు షడ్జముపై, రెండు మధ్యమముపై, తిరిగి రెండు షడ్జముపై, ఒకటి పంచమముపై, ఒకటి మధ్యమముపై, చివర రెండు షడ్జముపై నిలిచిన స్వరసమూహములను వాయింతురు. గాయకుడు ఒక చరణము పాడి, దానినే మరల పాడి, మూడవ దానితో జవాబు చెప్పును. ప్రతి చరణమునకును పిదప కొంత ఎడము విడుచును. అచ్చట గిటారు బదులు పలుకును. బుఱ్ఱకథలో వంతవారు చేయుపనియే ఇచ్చట గిటారు చేయును.

ఇక స్వరములు. బ్లూసు వాదకుడు మొట్టమొదట నేర్చు అయిదు స్వరముల వరుస షడ్జము, సాధారణ గాంధారము, శుద్ధ మధ్యమము, పంచమము, కైశికి నిషాదము. సంగీతము తెలిసిన తల్లులు ఇప్పటికే నవ్వుచున్నారు. అవును, శుద్ధ ధన్యాసి స్వరములే! అంతమాత్రమున రెండును ఒకటి యని నేననను. బ్లూసులో క్రింద అంతర గాంధారము మ్రోగుచుండగా పైన సాధారణ గాంధారమును పాడుదురు. ఆ రాపిడిలోనే దాని దుఃఖమున్నది. వాదకుడు తీగెను మెట్టుపై ప్రక్కకు లాగి ఆ రెంటి నడుమ స్వరమును నిలుపును. వీణపై తీగె లాగుట చూచిన బిడ్డకు ఈ పని క్రొత్త కాదు.

ఇప్పుడు రెండవ మాటకు వత్తును. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ గారిని ఎరుగనివారు ఈ సభలో ఉండరు. మాండలిన్ ఐరోపా వాద్యము. ఆయన వాయించినది విద్యుత్ మాండలిన్. నాలుగు జంట తీగెలకు మారుగా అయిదు ఒంటి తీగెలు అమర్చుకొని గమకములను పలికించిరి. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించుట రాదు. గురువు పాడెడివారు, బాలుడు ఆ పాటను తీగెపై పలికించెడివాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవమున తొలి కచేరి. పిదప కుటుంబము మద్రాసు చేరినది. పెరిగిన పిదప, బాల్యమున బ్లూసు విని గిటారు పట్టిన జాన్ మెక్‌లాఫ్లిన్‌తో 'రిమెంబర్ శక్తి' బృందమున సరిసమానముగా వాయించిరి. 1998లో పద్మశ్రీ వచ్చినది. 2014లో నలుబదియైదవ యేటనే చెన్నైలో గతించుట మన దురదృష్టము.

ఆ తీగెలో పారినది కరెంటే. పలికినది త్యాగయ్య తెలుగు. కావున వాద్యమును నిందింపకుడు. బ్లూసు పాడినవారి పూర్వుల భాషలను బానిసత్వము రూపుమాపినది. మన కష్టమును దానితో పోల్చుట తగదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిదప మన పాఠశాలల చిక్కులు మీరెరిగినవే. అయినను మన ఇంటి భోజనపు పీటల వద్ద తెలుగు మాటాడవలదని ఎవ్వరును ఆజ్ఞాపింపలేదు. అచ్చట మానినది మనమే. గిటారు రాకపూర్వమే మానితిమి.

నా సలహా యొక్కటే. సుబ్బరాజు గారి పద్ధతిని అనుసరింపుడు. బిడ్డకు ముందు పాట రావలెను. అమ్మమ్మ పాడిన లాలిపాట గాని, ఊరి కోలాటపుపాట గాని, మూడు పాటలు నోటితో తప్పులేక పాడిన బిడ్డకు గిటారు కొనుడు. పాట లేని చేతికి ఎంత ఖరీదు సామగ్రి యిచ్చినను అది అంగడి ప్రదర్శనమే.

కొనునప్పుడు హెచ్చు వెలకు పోవలదు. ఇంటికి పది పదునైదు వాట్ల ఆంప్లిఫయరు ఎక్కువే. చెవికి తగిలించు హెడ్‌ఫోనుకు రంధ్రమున్నదా యని చూడుడు, ఇరుగుపొరుగు దీవింతురు. తీగెలు సన్ననివి, తొమ్మిది లేక పది నంబరువి, లేతవ్రేళ్లకు మంచివి. స్పీకరు చినిగినట్లు బరబర ధ్వని వచ్చినచో దుకాణమునకు పరుగెత్తవలదు. పాతకాలపు వాల్వు ఆంప్లిఫయర్లను మితిమీరి పెంచగా వచ్చిన ఆ లోపమునే వాదకులు ఇష్టపడి గుణము చేసికొనిరి. అమెరికా నుండి బంధువులు తెచ్చిన ఆంప్లిఫయరును మాత్రము సూటిగా గోడకు తగిలింపకుడు. అచ్చటి కరెంటు 120 వోల్టులు, మనది 230.

అన్నింటికంటె ముఖ్యమైనది ఎర్తు. గిటారు తీగెలు సాధారణముగ ఆంప్లిఫయరు ఎర్తుతో కలిసియుండును. పిల్లవాని చేయి ఎల్లప్పుడును ఆ తీగెలపైననే ఉండును. 1972లో బ్రిటనులోని స్వాన్సీ నగరమున లెస్ హార్వీ అను యువ గిటారు వాదకుడు ఎర్తు సరిగా లేని మైకును తాకి వేదికపైననే మరణించెను. మూడు కాళ్ల ప్లగ్గులో ఎర్తు కాలిని విరిచి రెండు రంధ్రములలో దూర్చు అలవాటు మన ఇండ్లలో ఉన్నది. దయచేసి మానుడు.

శనివారము సాయంకాలము బడి హాలును పిల్లల అభ్యాసమునకు తెరచియుంచెదను. దానికి ముందు, విద్యుత్పని తెలిసిన తండ్రులిద్దరు ముగ్గురు టెస్టరు తీసికొని వచ్చి అచ్చటి ప్లగ్గు పాయింట్లను, ఎర్తును పరీక్షించి పోవలెనని కోరుచున్నాను. తాళపుచెవి నా గదిలో ఉండును.