ఒలీవ నూనెవారి పోరు – గానుగవారికి పాఠము

(వార్షిక మహాసభయందు చేయబడిన ఉపన్యాసము)



తెలికుల, గాండ్ల సోదరుల సభలో ఒలీవ నూనెను గూర్చి ప్రసంగింపబూనుట కొందరికి వింతగా దోపవచ్చును. నేడు పట్టణపు అంగళ్లలో ఆలివు నూనె యని సీసాలలో అమ్ముచున్నది ఇదియే. ఒలీవ మన నేల చెట్టు కాదు. దాని నూనెను మన తాత లెరుగరు. అయినను నూనె తీయువాని కష్టము ఏ దేశమందైనను ఒక్కటియే. క్రీ.శ. 11వ శతాబ్దపు టేకి తామ్రశాసనమున “తెలికి వేవురు” అను పేర రాజగౌరవము వడసినవారిని మన పూర్వులుగా చెప్పుకొనుచున్నాము. పూర్వగౌరవమును స్మరించుట సులభము. నేటి గానుగను నిలుపుట కష్టము. కష్టమైన దానిని గూర్చియే నాలుగు మాటలు మనవి చేసెదను.

అమెరికా దేశపు కాలిఫోర్నియా రాష్ట్రమునకు ఒలీవ చెట్టును 18వ శతాబ్దపు చివర క్రైస్తవ సన్యాసులు తెచ్చిరి. వారి మఠముల పేరననే ఒక రకమునకు “మిషను” అని పేరు కలిగినది. 19వ శతాబ్దము తుదినాటికి అచ్చట నూనె పరిశ్రమ తలయెత్తెను గాని, ఓడలలో దిగిన చౌక నూనెయు, పత్తిగింజల నూనెయు దానిని తలయెత్తనీయలేదు. తోటలవారు నూనె మాని, కాయలను ఊరవేసి డబ్బాలకెత్తుటకు మరలిరి. మరల 1990ల చివరనే, స్పెయిను రకములను కంచెవలె దగ్గరదగ్గరగా నాటి, యంత్రముతో కాయ దులుపు పద్ధతి వచ్చుటచే నూనె పరిశ్రమ చిగిర్చినది. అయినను అమెరికావారు వాడు ఒలీవ నూనెలో నూటికి 95 పాళ్లకు పైగా పరదేశమునుండియే వచ్చుచున్నది.

ఇట్లేల జరిగినది? పరదేశపు రైతు మనకంటె నేర్పరి యని కొందరందురు. అది కొంత నిజమే. మధ్యధరా సముద్ర తీరమున ఒలీవ వేల యేండ్ల పంట. కాని నేర్పు ఒక్కటియే కారణము కాదు. 1966లో యూరపు ఆర్థిక సమాజము ఒలీవ నూనెకు ఉమ్మడి విధానము నేర్పరచి, తీసిన నూనె తూకమును బట్టి రైతునకు సహాయధన మిచ్చుచు వచ్చెను. 1998 సంస్కరణ తరువాత ఆ సహాయము టన్నుకు 1,322 యూరోల 50 సెంట్లు. ఎంత నూనె తీసిన అంత సొమ్ము; కావున నూనె పెరిగినది. 2004 సంస్కరణముతో సహాయమును తూకమునుండి వేరుచేసి, చాలవరకు భూమికి ముడివేసిరి. పద్ధతి మారినను ఫలము పూర్తిగా మారలేదు. ఇంటి ఖర్చులో కొంత సర్కారు భరించుచుండగా, రైతు తన నూనెను గిట్టుబాటుకంటె తక్కువకు అమ్మియు బ్రతుకగలడు. అట్టి సహాయము లేని కాలిఫోర్నియా రైతు అదే ధర కమ్మిన దివాలా తీయును. అమెరికా సుంకమో, చాలకాలము చిన్న పాత్రలలో వచ్చు నూనెకు కిలోకు 5 సెంట్లు మాత్రమే యుండెను. అది గట్టు కాదు, గీత.

ఇచ్చట న్యాయముగా ఒక మాట చెప్పవలయును. ఆండలూసియా కొండవాలులలో యంత్ర మెక్కని పాతతోటలు గల చిన్న రైతులు కలరు. ఆ సహాయము లేకున్న వారి యూళ్లు పాడువడును. తన రైతును తన ప్రభుత్వము కాచుట దోషము కాదు. ఒకని ఇంటి దీపము వెలుగుటకు ఇంకొకని ఇంటి దీప మారిపోవుటయే చిక్కు.

ఈ చిక్కునకు రెండు మార్గములు వెదకబడినవి. మొదటిది సుంకము. ఊరవేసిన నల్లని ఒలీవకాయల విషయమున కాలిఫోర్నియావారు ఫిర్యాదు చేయగా, 2018లో అమెరికా స్పెయిను కాయలపై నూటికి 30 మొదలు 44 పాళ్లవరకు అదనపు సుంకములు వేసెను. స్పెయిను పక్షమున యూరపు సమాఖ్య ప్రపంచ వాణిజ్య సంస్థ కెక్కెను. 2021లో ఆ సంస్థ తీర్పరులు సహాయధనమునకు ప్రతిగా వేసిన సుంకము విషయమున అమెరికాను తప్పుపట్టిరి. నూనె విషయమున 2019 అక్టోబరులో స్పెయినునుండి వచ్చు సీసా నూనెపై నూటికి 25 పాళ్ల సుంకము పడినది. కారణము నూనె కాదు, విమానములు! విమాన నిర్మాతల కిచ్చిన సహాయములపై తగవు వచ్చి, దెబ్బ నూనె సీసాపై పడినది. 2021లో ఆ తగవు సద్దుమణుగగా సుంకమును తొలగినది. సుంక మవసరము కాదని నా యభిప్రాయము కాదు. అది పరుల చేతిలోని గొడుగు. వాన కురియుచుండగానే మడువబడవచ్చును.

రెండవ మార్గము సత్యము. 2010 జూలైలో డేవిస్ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఒలీవ కేంద్రము అంగళ్లలోని సీసాలను పరీక్షించెను. “ఎక్స్‌ట్రా వర్జిన్”, అనగా మేలుతరము, అని చీటీ గల దిగుమతి నమూనాలలో నూటికి 69 పాళ్లు ఆ తరమునకు తగవని తేలినది. కాలిఫోర్నియా నమూనాలలో తగనివి నూటికి 10. ఆ పరీక్షకు స్థానిక నూనెవారు ధనసహాయము చేసిరన్న మాటను దాచరాదు. కాని 2013లో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషను సర్కారు పక్షమున విచారించి, కొలతలు వదులుగా నుండుటయు, వాని అమలు బలహీనముగా నుండుటయు మంచి నూనె తీయువానికి నష్టమని వ్రాసెను. ముక్కిన నూనెయు తాజా నూనెయు ఒక్క పేరుతో అమ్ముడుపోయినచో, కొనువాడు ధరనే చూచును. ధరలో సహాయధనము గలవాడే గెలుచును. కావున సహాయధనము చేసిన గాయమున కల్తీపేరు కారము చల్లినది.

అప్పుడు కాలిఫోర్నియావారు చేసిన పని మనము గమనింపదగినది. 2014లో వారు చట్టబద్ధమైన ఒలీవ నూనె కమిషను నేర్పరచుకొని, తమ నూనెపై తామే రుసుము వేసికొనిరి. మేలుతరము నూనెలో ఆమ్లము అంతర్జాతీయ కొలత ప్రకారము నూటికి 0.8 వరకుండవచ్చును, వారు 0.5కు మించరాదని తమకు తామే కట్టడి చేసికొనిరి. ఏటేట 5,000 గ్యాలనులు, అంతకు మించి తీయువారందరును పరీక్షకు లోబడవలయును. ఈ కట్టడి దిగుమతి నూనెకు వర్తింపదు. పగవాడు సంకెల వేసికొనకున్నను తాము వేసికొనిరి. దీనిచే దిగుమతి ఆగిపోలేదు. కాని తమ నూనెకు తమ పేరు దక్కినది. పేరు దక్కిన సరుకునకే న్యాయమైన ధర అడుగు హక్కు కలుగును.

ఇంక మన యింటి సంగతి. మన దేశము తిను నూనెలో సగమునకు పైగా దిగుమతియే. సుంకమో, 2024 సెప్టెంబరులో ముడి నూనెలపై మూల సుంకము సున్న నుండి 20 పాళ్ల కెక్కెను. 2025 మే 30వ తేదీన పామాయిలు, సోయా, పొద్దుతిరుగుడు ముడి నూనెలపై 10కి దిగెను. తొమ్మిది నెలలలో ఎక్కి దిగిన మెట్టుపై ఎవడు ఇల్లు కట్టగలడు? మన కోస్తా జిల్లాలలోను తెలంగాణమునందును పామాయిలు తోటలు వేసిన రైతులు మనవారే. వారిపై మనకు కినుక లేదు. గానుగ నూనె పామాయిలుతో ధరలో పోటీపడజాలదు, పడనక్కరలేదు. అది నిలువవలసినది రుచియందును, నమ్మకమునందును. ఆ నమ్మకమునకే నేడు గండి పడుచున్నది. “చెక్కగానుగ” అను పలక ఎచ్చట చూచినను కానవచ్చుచున్నది. పలక వెనుక గానుగ కలదో, డబ్బా కలదో కొనువా రెరుగరు. ఈ పని పైవారే కాదు, మనలోని కొందరును చేయుచున్నారు. ఈ మాట చేదుగా నుండవచ్చును. ఆముదమువలె చేదైనను మేలు చేయును.

కావున మహాసభవారికి మూడు మనవులు చేయుచున్నాను. మొదటిది: సంఘముద్ర యొకటి ఏర్పరుపుడు. గింజ యెచ్చటిది, నూనె ఏనాడు తీసినది, చీటీపై వ్రాసి, ఆకస్మిక పరీక్షకు ఒప్పుకొనువారికే ఆ ముద్ర నిండు. తప్పినవాడు ఎంతటి బంధువైనను ముద్ర తీసివేయుడు. రెండవది: పరీక్షల ఖర్చునకు గానుగవారు డబ్బాకు ఇంతయని తామే చెల్లించుకొనవలయును, మూలధనమును పోషకులు సమకూర్పవలయును. సత్రములు కట్టించిన చేతులే ఇందులకును ముందుకు రావలయునని ప్రార్థన. మూడవది: సర్కారును సుంకమునకై మాత్రమే కాక, నూనె పేరు నూనెకే చెందునట్లు, దిగుమతి నూనెయు దేశపు నూనెయు ఒకే పరీక్షకు లోబడునట్లు కోరవలయును.

పరదేశపు చౌక శాశ్వతమనుకొనరాదు. ఎండలచే స్పెయిను నూనె 2021–22లో సుమారు 15 లక్షల టన్నులనుండి మరుసటి పంటకు 6.6 లక్షలకు పడిపోగా, 2024 జనవరిలో మిల్లు ధరయే కిలోకు 9 యూరోల ప్రాంతమున కెక్కెను. చౌకను నమ్మి ఇంటి గానుగను పొయ్యిలో పెట్టుకొన్న దేశము అట్టి దినమున ఏమి చేయును? రోలు చెక్కు వడ్రంగి, గింజ తీరు చూచి నూనె చెప్పు ముసలివాడు, తెలగపిండికై వచ్చు పాడిరైతు – వీరు ఒక్కసారి చెదరినచో డబ్బుతో కొని తేలేము.

గానుగ తిరుగుచున్నంత కాలము అది ఒక కులమునకే కాదు, ఊరి కంతటికిని సొత్తు. దానిని సత్యముతో త్రిప్పుదము గాక.