కావలివాడు యజమానియైన కథ



నేడు మయన్మారనబడు బర్మా మనకు పరాయిది కాదు. కోరంగి రేవున ఓడలెక్కి రంగూను చేరి చెమటోడ్చిన తెలుగువారిని తలచుకొనియే మేమీ ప్రసంగమునకు పూనుకొంటిమి.

ఆ దేశము 1948 జనవరి 4వ తేదీన స్వతంత్రమయ్యెను. పదేండ్లకే పాలకపక్షము రెండుగా చీలెను. 1958లో ప్రధాని ఊ నూ అధికారమును సేనాని నే విన్‌కు స్వహస్తములతో అప్పగించెను. సేనాని 1960లో ఎన్నికలు జరిపి, గెలిచిన ఊ నూకు పీఠమును మరల నిచ్చెను. అంతయు సజావుగనే తోచెను. కాని దారి యెరిగిన సైన్యము 1962 మార్చి 2న పిలువకయే వచ్చెను. 1964లో దుకాణములు జాతీయము కాగా, అనేక తెలుగు కుటుంబములు కట్టుబట్టలతో మరలివచ్చెను.

1990 ఎన్నికలలో ప్రజాపక్షము 392 స్థానములు గెలిచినను అధికారము దక్కలేదు. 2008 రాజ్యాంగము చట్టసభలలో నాల్గవవంతు స్థానములను సైన్యమునకే యుంచెను. ముప్పాతికకు మించిన సమ్మతి లేనిదే అందలి ముఖ్యవిధులు మార్చరాదనెను. 2021 ఫిబ్రవరి 1న, క్రొత్త సభ కూడవలసిన నాడే, నాయకులు బందీలైరి.

దొంగ గోడకు కన్నము వేయును. ఇచ్చట గృహస్థులే తలుపు తీసిరి. అన్నదమ్ములు తగవులాడి తాళపుచెవిని కావలివాని కిచ్చినచో, అతడొకమారు తిరిగి యిచ్చినను, ఆ యింటిపై వాని చూపు పోదు.

పక్షములు పోరాడవచ్చును, సభలోనే పోరాడవలెను. తమ తగవు తాము తీర్చుకొనజాలమని ప్రజాప్రతినిధులు ఒప్పుకొన్న దినమే ప్రజాప్రభుత్వమునకు దుర్దినమని మా దృఢవిశ్వాసము.